ఇంకో మీట కావాలా?

పోయిన శీతకాలంలో మా అమ్మ సెల్‌ఫోనుకి డెబ్బై డాలర్లు పోసి ఒక తొడుగు కొన్నాను. తొడుగంటే ఏమిటో అనుకునేరు, మనమందరం కేసు అంటామే, అదే. విజయవాడలో బండి మీద వంద రూపాయలకి దొరికే వస్తువుకి డెబ్బై డాలర్లా అని మా ఆవిడ ముక్కున వేలేసుకుంది. ఆవిడ అనడంలో తప్పేమీ లేదు. ఆ కేసు గొప్పతనమల్లా ఒక్కటే. దాని పక్కన రెండు అదనపు మీటలున్నాయి. ఒకటి నొక్కితే నాకూ, రెండోది నొక్కితే మా ఆవిడకీ ఫోను వెళ్ళేటట్టు మనమే అమర్చుకోవచ్చునని పెట్టె మీద రాసుంది.

ఎందుకు కొన్నానో చెప్పాలి. అంతకు ఆరు వారాల ముందు, ఒక మంగళవారం మధ్యాహ్నం అమ్మ స్నానాలగదిలో జారి పడింది. ఇంట్లో ఎవరూ లేరు. ఫోను బొడ్డులోనే ఉంది. కానీ వేళ్ళు తడి, తెర తడి, తుడుద్దామంటే చీర కొంగూ తడి. తెర మీద ఎక్కడ నొక్కినా ఇంకెక్కడో తెరుచుకుంటోంది. ఒకసారి కెమెరా వచ్చిందట, ఒకసారి ఎవరిదో పెళ్ళి వీడియో మొదలైందట. మూడున్నరకి మా అమ్మాయి స్కూలు బస్సు దిగి వచ్చేదాకా, అంటే దాదాపు రెండు గంటలు, అమ్మ ఆ చలిగచ్చు మీదే ఉంది. అదృష్టం బాగుండి మణికట్టు విరగడంతో పోయింది. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటూ, "తెనాలిలో మన పాత ఫోనైతే కళ్ళు మూసుకుని నొక్కేదాన్ని రా" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇరవై ఏళ్ళకి పైగా సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ణి. మీటలు తీసెయ్యడమే నాగరికత అని నమ్మినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అసలు ఈ మీటలు ఎప్పుడు వచ్చాయి, ఎందుకు పోయాయి, డబ్బిచ్చి మళ్ళీ ఎందుకు కొనుక్కుంటున్నాం అని కాస్త వెనక్కి వెళ్ళి చూశాను. ఈ వ్యాసం ఆ తవ్వకంలో దొరికిన సరుకు.

ముందు మాట సంగతి. చొక్కాకి ఉండేది బొత్తాం. అది పోర్చుగీసువాళ్ళ దగ్గర్నుంచి మనకి వచ్చిన మాట. యంత్రానికి ఉండేది మీట, ఇది మన సొంత సొత్తు. వీణ తీగెని మీటుతామే, ఆ మీటడమే ఇది. రెండింటికీ ఇంగ్లీషువాడికి ఉన్నది ఒకటే మాట. మనకి రెండున్నాయి, ఇప్పుడు రెండూ వదిలేసి బటన్ అంటున్నాం. నేను ఈ వ్యాసం వరకైనా మీట అనే అంటాను.

టెలిఫోనుకి మీటలు పుట్టిన ఊళ్ళు మనలో చాలామందికి తెలియకుండానే తెలుసు. న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి టర్న్‌పైక్ మీద వెళ్ళేటప్పుడు గ్రీన్స్‌బర్గ్ అని బోర్డు కనిపిస్తుంది. పిట్స్‌బర్గ్ దాటి అవతలికి వెడితే కార్నెగీ అనే చిన్న ఊరు. 1963 నవంబరు 18న బెల్ కంపెనీ మీటల ఫోనుని మామూలు ఖాతాదారులకి మొట్టమొదట ఇచ్చింది ఈ రెండు ఊళ్ళలోనే. టచ్-టోన్ అని దానికి పేరు. అంతవరకూ ఉన్నది చిల్లుల చక్రం తిప్పే ఫోను. తిప్పిన చక్రం కరకరమంటూ వెనక్కి వస్తుంటే లైనులో కరెంటు అన్నిసార్లు తెగుతుంది. తొమ్మిదికి తొమ్మిదిసార్లు, సున్నాకి పదిసార్లు. కొత్త ఫోనులో ఆ బాధ లేదు. మీట నొక్కితే ఏకకాలంలో రెండు స్వరాలు పలుకుతాయి. అడ్డువరసకి ఒకటి, నిలువువరసకి ఒకటి. ఐదు నొక్కితే 770, 1336 హెర్ట్‌జుల స్వరాలు కలిసి వెడతాయి. అవతల ఎక్స్‌చేంజిలో ఉన్న యంత్రం ఆ జంటని బట్టి ఇది ఐదు అని గుర్తుపడుతుంది. బాపట్లలో ఇంజనీరింగు చదివేటప్పుడు ఈ పట్టికని పరీక్ష కోసం బట్టీ పట్టాను. అందులో ఒక మనిషి సౌకర్యం దాగుందని ఆ రోజున తట్టలేదు.

ఆ సౌకర్యం ఊరికే రాలేదు. బెల్ ప్రయోగశాలలో జాన్ కార్లిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. ఇంజనీర్ల మధ్య ఒక మనస్తత్వవేత్తని కూర్చోబెట్టడం ఆ కాలానికి వింతే. ఆయన బృందం అంకెల్ని ఎలా పేరిస్తే మనుషులు తప్పులు తక్కువ చేస్తారో, ఎలా ఉంటే ఇష్టపడతారో తెలుసుకోవడానికి డజనుకి పైగా అమరికలు చేసి చూసింది. గుండ్రంగా ఒకటి, రెండు వరసల్లో ఐదేసి ఒకటి, ఇలాగ. మీట ఎంత పెద్దదుండాలి, ఎంత బలంగా నొక్కాలి, ఎంత లోతుకి దిగాలి అనేవి కూడా పరీక్షించారు. ఆ ఫలితాలు 1960లో అచ్చయ్యాయి. మూడు వరసల్లో మూడేసి, కింద సున్నా అనే అమరిక అలా వచ్చింది. ఇవాళ గాజు మీద గీసిన బొమ్మగా మిగిలింది ఆ అమరికే. లోతూ లేదు, బలమూ లేదు, బొమ్మ మాత్రం ఉంది.

ఇంకొక్క సంగతి. ఆ మీటల ఫోను కావాలంటే నెలనెలా అదనంగా రుసుము కట్టాలి. మొదటి రోజు నుంచీ మీటకి ఖరీదు వేరుగానే ఉందన్నమాట. ఈ అదనపు రుసుము చాలా చోట్ల దశాబ్దాల పాటు సాగింది. కాబట్టి మా డెబ్బై డాలర్లు మరీ కొత్త సంగతేం కాదు.

మొదటి టచ్-టోన్ ఫోనుకి పదే మీటలు. నక్షత్రం, గళ్ళ గుర్తూ 1968లో చేరాయి. రాబోయే రోజుల్లో కంప్యూటర్లతో ఫోను ద్వారా మాట్లాడవలసి వస్తుందని ముందుచూపుతో వాటిని పెట్టారు. చాలా ఏళ్ళు వాటికి పనేమీ లేదు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఫోనులో ఒక అమ్మాయి గొంతు "పౌండ్ నొక్కండి" అంటే, పౌండ్ అంటే బరువా, ఇంగ్లండు డబ్బా అని తడుముకున్నాను. మన దగ్గర దాన్ని హాష్ అంటారు.

పదహారు మీటల ఫోను కూడా ఒకటుండేదని మీలో ఎందరికి తెలుసు? కుడివైపున నాలుగో వరస. అమెరికా సైన్యం 1960లలో ఆటోవాన్ అని తన సొంత టెలిఫోను వ్యవస్థ కట్టుకుంది. అందులోని ఫోన్లకి నాలుగు అదనపు మీటలు. ఒక్కోదానికీ ఒక్కో స్థాయి అత్యవసరం. మామూలు సంభాషణ నడుస్తున్నప్పుడు పై స్థాయి మీట నొక్కి ఎవరైనా ఫోను చేస్తే, లైన్లు ఖాళీ లేకపోయినా కింది స్థాయి సంభాషణని తెంపేసి వీళ్ళకి దారి ఇచ్చేవారు. అన్నిటికన్నా పైనున్నది ఫ్లాష్ ఓవర్‌రైడ్. అది దేశాధ్యక్షుడు, రక్షణమంత్రి, త్రివిధ దళాధిపతుల స్థాయివాళ్ళకి. ఆ నాలుగో వరస స్వరం 1633 హెర్ట్‌జులు. మేం బట్టీ పట్టిన పట్టికలో అదీ ఉండేది, ఎందుకుందో ఏ మేష్టారూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అదనపు మీటకి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. నొక్కేవాడికి ఏ అవసరానికో తెలుసు, దాని వెనక ఆ అవసరం తీర్చే ఏర్పాటు మొత్తం ఉంది.

ఇక మన సంగతికి వస్తాను. నేను 2003లో వచ్చాను. ఆ రోజుల్లో ఇండియాకి ఫోను చెయ్యడమంటే ఒక క్రతువు. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన రంగురంగుల కాలింగు కార్డులు వేళ్ళాడుతుండేవి. ఐదు డాలర్లకి ఇన్ని నిమిషాలు అని పెద్ద అక్షరాలతో ఉండేది, ఆ నిమిషాలు ఎప్పుడూ అన్ని వచ్చేవి కావు. కార్డు వెనక వెండిపూత గీకితే పిన్ను బయటపడేది. ముందు కార్డువాడి ఉచిత నంబరు 11 అంకెలు. తరవాత పిన్ను 10 అంకెలు. తరవాత 011, 91, తెనాలి కోడు 8644, ఇంటి నంబరు ఆరంకెలు, వెరసి 15. మొత్తం 36 అంకెలు. ముప్ఫైయ్యో అంకె దగ్గర వేలు జారితే మళ్ళీ మొదటికి. నాన్నగారికి ఒంట్లో బాగాలేదని మామయ్య ఈమెయిలిచ్చిన రాత్రి, వణికే చేత్తో మూడుసార్లు తప్పు నొక్కాను.

అప్పుడే మొదటిసారి ఫోనులోని స్పీడ్ డయల్ మీటలు నాకు దేవుళ్ళలా కనబడ్డాయి. మా ఫోనులో ఒక్కో మీట కింద పాతిక లోపు అంకెలే పట్టేవి. అందుకని ఒకటో మీట కింద కార్డువాడి నంబరు, రెండో మీట కింద పిన్ను, మూడో మీట కింద తెనాలి ఇల్లు. ఒకటి నొక్కి, ఆ గొంతు పలికేదాకా ఆగి, రెండు నొక్కి, మళ్ళీ ఆగి, మూడు నొక్కాలి. కార్డు అయిపోతే రెండో మీటలో కొత్త పిన్ను ఎక్కించాలి. మా గదిలో నలుగురం ఉండేవాళ్ళం. ఆదివారం పొద్దున్న పిన్ను మార్చే బాధ్యత నాది, ఎందుకంటే ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. నా చదువు మొట్టమొదట అక్కరకొచ్చిన ఉద్యోగం అదే అనుకోవచ్చు.

అవతల తెనాలిలో కూడా మీటల ఫోనే. బి.ఎస్.ఎన్.ఎల్. లైను. నాన్నగారు ముచ్చటపడి మెమరీ మీటలున్న ఫోను కొన్నారు. ఎమ్-1 నొక్కితే రాజమండ్రిలో పిన్ని. ఎమ్-2 డాక్టరుగారు. ఎమ్-3 గ్యాసు కంపెనీ. నాకు మీట లేదు. ఐ.ఎస్.డి. బిల్లు భయానికి ఆ సౌకర్యమే తీయించేశారు, అందుచేత నాకు చెయ్యాలన్నా కుదరదు. నేనే చెయ్యాలి, వాళ్ళు ఎదురుచూడాలి. 2009లో వొనాజ్ కంపెనీ నెలకి ఇంత అని కడితే ఇండియాకి లెక్కలేకుండా మాట్లాడుకోవచ్చునని పథకం పెట్టాక కార్డుల బాధ తీరింది. 2015లో వాట్సాప్‌లో మాటలు, 2016లో బొమ్మలతో సహా వచ్చాక అందరూ అందరికీ చెయ్యడం మొదలైంది. అప్పటికి నాన్నగారు లేరు.

మన దేశంలో మీటల ఫోను అందరి చేతుల్లోకి వచ్చింది నోకియా 1100తోనే అంటే అతిశయోక్తి కాదు. 2003లో వచ్చి ప్రపంచమంతటా 25 కోట్లకి పైగా అమ్ముడుపోయిన ఫోను అది. నెత్తి మీద చిన్న టార్చి లైటు. సి మీట నొక్కితే వెలిగేది. కరెంటు పోయే ఊళ్ళలో ఆ ఒక్క మీట కోసమే కొన్నవాళ్ళున్నారు. చీకట్లో, ఫోనుని చూడకుండా, చేత్తో తడిమి నొక్కడం కుదిరేది. ఐదో అంకె మీద చిన్న బొడిపె ఉండేది గుర్తుందా? దాన్ని వేలు పట్టుకుంటే మిగతా అంకెలన్నీ వాటంతట అవే తెలిసేవి. ఇక్కడ అదే కాలంలో ఆఫీసువాళ్ళు మాకు బ్లాక్‌బెర్రీలు ఇచ్చారు. దాని పక్కనున్న ఒక మీటని మనకి నచ్చిన పనికి పెట్టుకోవచ్చు. ఇవాళ ప్రీమియం పేరుతో అమ్ముతున్నది ఆ మీటనే.

2007 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఐఫోను చూపించినప్పుడు ఆ పాత ఫోన్ల మీద ఆయన వేసిన నింద ఇదే. ప్లాస్టిక్ మీటలు ఒకసారి అచ్చుపోస్తే మారవు, అవసరం ఉన్నా లేకపోయినా అక్కడే ఉంటాయి, కొత్త ఆలోచన వస్తే కొత్త మీట చేర్చలేం అని. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా నాకు ఆ వాదన అమృతంలా అనిపించింది. ఇప్పటికీ సగం ఒప్పుకుంటాను. మారకపోవడమే మీట బలమని తోచడానికి నాకు పదిహేడేళ్ళు పట్టింది.

మీటలు పోయాక వాటి కోసం బెంగపడ్డవాళ్ళని నమ్ముకుని వ్యాపారాలు లేచాయి. 2013లో ప్రెస్సీ అని ఒక చిన్న మీటని కిక్‌స్టార్టర్‌లో పెట్టారు. ఇయర్‌ఫోను పెట్టే కన్నంలో దూరుతుంది. ఒకసారి నొక్కితే టార్చి, రెండుసార్లు నొక్కితే ఫొటో, ఇలా మనిష్టం. నలభై వేల డాలర్లు అడిగితే జనం దాదాపు ఏడు లక్షలు గుమ్మరించారు. మరుసటేడే చైనాలో షియోమీ కంపెనీ అలాంటిదే ఐదు యువాన్ల లోపు అమ్మింది. 2016లో ఆపిల్ ఐఫోనులో ఆ కన్నమే పూడ్చేసింది, మిగతావాళ్ళూ ఒక్కొక్కరే పూడ్చారు. మీట మిగిలింది, దూర్చడానికి చోటు లేదు.

అదే 2013 చివర టీవీ ప్రముఖుడు రయన్ సీక్రెస్ట్ భాగస్వామిగా టైపో అనే కేసు వచ్చింది. ఖరీదు 99 డాలర్లు. ఐఫోనుకి తొడిగితే కింద బ్లాక్‌బెర్రీ తరహా అక్షరాల మీటలు. మా పక్క క్యూబులో పెద్దమనిషి ఒకాయన కొన్నాడు. నాలుగు రోజులు గర్వంగా తిరిగాక తెలిసింది, అది ఐఫోను హోమ్ మీటని కప్పేస్తోందని. వేలిముద్రతో ఫోను తెరవడం అప్పుడే కొత్తగా వచ్చింది, ఆ వేలిముద్ర పెట్టేది సరిగ్గా ఆ మీట మీదే. నలభై మీటలు కొనుక్కుని ఉన్న ఒక్క మీటా పోగొట్టుకున్నాడు. 2014 జనవరిలో బ్లాక్‌బెర్రీ ఆ కేసు మీద కేసు వేసింది (తెలుగులో ఈ వాక్యానికి ఉన్న అందం ఇంగ్లీషులోనూ ఉంది). మార్చిలో కోర్టు అమ్మకాలు ఆపమంది, 2015లో రాజీ పడి ఫోన్లకి అలాంటి మీటలు అమ్మబోమని టైపోవాళ్ళు ఒప్పుకున్నారు. కోరిక మాత్రం చావలేదు. 2024 జనవరిలో క్లిక్స్ అని మళ్ళీ అలాంటి కేసే వచ్చింది, ఈసారి 139 డాలర్ల నుంచి మొదలు.

ఒక్క పనికి ఒక్క మీట అనే ఆలోచనని చివరంటా తీసుకెళ్ళింది అమెజాన్. 2015లో డాష్ బటన్ అని ఐదు డాలర్లకి అమ్మింది. బట్టలుతికే యంత్రానికి అతికించుకుని, సబ్బుపొడి అయిపోగానే నొక్కితే కొత్త డబ్బా ఇంటికి వస్తుంది. నొక్కేటప్పుడు ధర కనిపించదు. 2019 జనవరిలో జర్మనీ కోర్టు ఇది వినియోగదారుల చట్టానికి విరుద్ధమంది. ఆ ఫిబ్రవరిలో అమ్మకం ఆపేశారు, ఆగస్టు 31 తరవాత ఉన్నవి కూడా పనిచెయ్యడం మానేశాయి. నేను కొన్న మీట నా గోడ మీదే ఉంటుంది, దాని ప్రాణం మాత్రం ఎవరి సర్వర్లోనో ఉంటుంది. రాజకుమారి కథల్లో చిలకలో ఉన్నట్టు. శాంసంగ్‌వాళ్ళు 2017లో గెలాక్సీ ఎస్8కి పక్కన ఒక అదనపు మీట పెట్టి, అది తమ బిక్స్‌బీకి తప్ప దేనికీ పనిచెయ్యదన్నారు. కొన్నవాళ్ళు అడ్డదారులు వెతికి వేరే పనులకి వాడుకుంటుంటే ఆ దారులూ మూశారు. 2019లో మనసు మార్చుకుని వేరే పనికి పెట్టుకోమన్నారు, అదే ఏడు వచ్చిన నోట్ 10 నుంచి ఆ మీటనే ఎత్తేశారు. చివరికి 2023లో ఐఫోను 15 ప్రోకి ఆపిల్ యాక్షన్ బటన్ అని, మనకి నచ్చిన పని చేసే మీట ఒకటి పెట్టింది. మరుసటేడు కెమెరాకి ఇంకొకటి. పదహారేళ్ళ తరవాత మీట పుట్టింటికి తిరిగొచ్చింది.

ఇవన్నీ చదువుతుంటే, మన దేశంలో జరిగిన ఒక పని నాకు వీటన్నిటికన్నా తెలివైనదనిపించింది. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తరవాత ఆడవాళ్ళ రక్షణకి ఫోనులో అత్యవసర మీట ఉండాలన్న ఆలోచన బలపడింది. 2016లో కేంద్రప్రభుత్వం నియమాలు చేసి, 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి ఫోనులోనూ అది ఉండి తీరాలంది. కొత్త మీట పెట్టమనలేదు. మామూలు ఫోనైతే 5 గానీ 9 గానీ అంకెనే అందుకు వాడాలి. స్మార్టుఫోనైతే ఆన్-ఆఫ్ మీటని గబగబా మూడుసార్లు నొక్కితే చాలాలి. ఎనిమిది వందల రూపాయల ఫోను కొన్న కూలిమనిషికి కూడా పైసా ఖర్చు లేదు. ఐదో అంకె మీదున్న ఆ బొడిపె గుర్తుచేసుకోండి, చీకట్లో తడిమితే ముందు చేతికి తగిలేది అదే. 2020 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దిశ యాప్ తెచ్చినప్పుడు ఫోనుని ఊపితే పోలీసులకి కబురు వెళ్ళేటట్టు పెట్టారు. అక్కడా అదే సూత్రం, కంగారులో ఉన్న మనిషి తెర మీద బొమ్మలు వెతకలేడని.

మళ్ళీ మా డెబ్బై డాలర్ల దగ్గరికి. కేసు వచ్చింది, అందంగా ఉంది, పట్టుకుంటే జారదు. లోపల బ్యాటరీ లేదు. ఫోను తనచుట్టూ 13.56 మెగాహెర్ట్‌జుల అయస్కాంతక్షేత్రాన్ని పుట్టిస్తుంది, దుకాణాల్లో ఫోను ఆనించి డబ్బులు కడతామే, ఆ ఎన్.ఎఫ్.సి.యే. కేసులోని సన్నటి రాగిచుట్ట ఆ క్షేత్రం నుంచే కాసింత కరెంటు తీసుకుంటుంది. మీట నొక్కితే అందులోని చిప్పు ఫోనుకి తన పేరు చెబుతుంది. ఆ పేరుకి మనం ఏ పని అప్పజెబితే ఫోను ఆ పని చేస్తుంది. ఇంజనీరుగా నాకు ముచ్చటేసింది. బ్యాటరీ లేదు కాబట్టి ఛార్జింగు గొడవ లేదు. ఆ శనివారమంతా కూర్చుని అమర్చాను. అమ్మ నొక్కితే నా ఫోను మోగింది. పాప చప్పట్లు కొట్టింది.

అమ్మ ఫోనుని బల్ల మీద పెట్టింది. కాసేపటికి తెర నల్లబడింది. మళ్ళీ తీసుకుని నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకోసారి, గట్టిగా. ఏమీ కాలేదు. ఆండ్రాయిడ్ ఫోను నిద్రపోతున్నప్పుడు ఎన్.ఎఫ్.సి. చెవులు మూసుకుంటుంది. తెర వెలగాలి, తాళం కూడా తీసి ఉండాలి, అప్పుడే ఆ మీట వినిపిస్తుంది. ఇది కేసు చేసినవాళ్ళ తప్పు కాదు. దారినపోయేవాడెవడో మన జేబులోని ఫోనుకి ఏదో ఆనించి ఆడించకుండా ఉండాలంటే ఆ కట్టుబాటు ఉండాల్సిందే. కానీ తాళం తియ్యాలంటే తెర మీద వేలు పెట్టాలి. తడి వేలు. ఇదంతా నాకు ముందే తట్టాల్సింది. వృత్తిరీత్యా ఇలాంటి లొసుగులు వెతకడమే నా పని.

తడి ఎందుకు అడ్డమో ఒక్క మాట. ఈ తెరలు నొక్కుడుని గుర్తించవు, వేలి వల్ల విద్యుత్తు నిల్వలో వచ్చే మార్పుని గుర్తిస్తాయి. నీటి చుక్క కూడా అలాంటి మార్పే తెస్తుంది కాబట్టి ఫోనుకి ఎన్ని వేళ్ళున్నాయో అర్థం కాదు. వయసు మీరి చర్మం బాగా ఎండిపోయినా చిక్కే, అప్పుడు వేలున్నట్టే తెలీదు. మా అమ్మ మామూలు రోజుల్లో కూడా వేలుని నాలికతో తడి చేసుకుని నొక్కుతుంది, పుస్తకం పేజీ తిప్పినట్టు. నేను చాలా ఏళ్ళు దాన్ని చాదస్తమనుకుని నవ్వాను.

ఈ దేశంలో ముసలివాళ్ళ కోసం అత్యవసర మీట ఉండనే ఉంది. 1974లో బోస్టన్‌లో ఆండ్రూ డిబ్నర్ అనే వృద్ధాప్య శాస్త్రవేత్త లైఫ్‌లైన్ అనే సంస్థ పెట్టాడు. మెళ్ళో బిళ్ళ, దానికి ఒక మీట. నొక్కితే మనుషులు పలుకుతారు. స్నానం చేస్తూ కూడా వేసుకోవచ్చు. నెలనెలా కట్టాలి. బుద్ధిగా ఆలోచిస్తే మాకు కావలసింది సరిగ్గా అదే. బొమ్మ చూపించి అమ్మకి చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఉన్నది తీసేసిన మెళ్ళో ఇదిట్రా వేసుకునేది?" అంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఫోను పక్కమీటని ఐదుసార్లు గబగబా నొక్కితే 911కి వెళ్ళే ఏర్పాటు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. పైసా ఖర్చు లేదు, తెర తడిసినా పనిచేస్తుంది. ముందే మన పేర్లు ఎక్కించి ఉంచితే మనకీ కబురు వస్తుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో అది అమర్చి ఉందో లేదో ఈ పుస్తకం పక్కన పెట్టి చూడండి. అమ్మకి నేర్పాను. "వాళ్ళొచ్చి ఇంగ్లీషులో అడిగితే ఏం చెప్పను?" అంది. "తెలుగు" అని ఒక్క మాట చెబితే చాలా చోట్ల దుబాసీని కలుపుతారని చెప్పాను. తలూపింది. నొక్కదని నాకు తెలుసు. జారి పడ్డదానికి సైరన్లతో బండి పిలిపించుకునే మనిషి కాదు.

ఆఖరికి నేను చేసింది సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గొప్పగా చెప్పుకునే పని కాదు. పెద్ద పెద్ద మీటలున్న, తీగ ఉన్న ఫోను ఒకటి కొన్నాను. కేసు కన్నా తక్కువే అయింది. మీటకి మనిషి ఫొటో పెట్టుకోవచ్చు. స్నానాలగది తలుపు పక్కన గోడకి, పడినా చెయ్యందేటట్టు రెండడుగుల ఎత్తులో బిగించాను. పాత రాగితీగ లైన్లకైతే ఎక్స్‌చేంజి నుంచే కరెంటు వచ్చేది, ఊళ్ళో దీపాలు పోయినా ఫోను పలికేది. ఇప్పటి ఇంటర్నెట్ ఫోనుకి ఆ సుఖం లేదు కాబట్టి దాని డబ్బాకీ, రౌటరుకీ ఒక చిన్న యు.పి.ఎస్. తగిలించాను. మా ఆవిడ ఈసారి ముక్కున వేలేసుకోలేదు.

మరి ఆ కేసు? వాపసిచ్చే గడువు దాటిపోయింది. అమ్మ దాన్ని తియ్యనివ్వలేదు, చేతిలో జారకుండా ఉంటుందని. ఫోను మెలకువగా ఉన్నప్పుడు ఒక మీట నొక్కితే పంచాంగం, రెండోది నొక్కితే వాట్సాప్. బాగుందనే అంటుంది. ఎవరైనా నన్నడిగితే ఇరవై డాలర్లయితే కొనండి, డెబ్బైకి వద్దంటాను. ఫోను వెనక వేలితో రెండుసార్లు తడితే నచ్చిన పని చేసే సౌకర్యం 2020 నుంచి ఐఫోన్లలో, 2021 నుంచి పిక్సెల్ ఫోన్లలో ఊరికే ఉంది. ప్రాణం మీదికొచ్చిన పనికి మాత్రం రెండింటినీ నమ్ముకోకండి.

గోడఫోను బిగించిన రాత్రి మీటలు సరిచూద్దామని ఒక్కొక్కటే నొక్కాను. ఒకటో మీట మీద నా ఫొటో. అమ్మే ఎంచింది, పదో తరగతిలో తీసినది. నొక్కితే నా జేబులో ఫోను మోగింది. రెండోది నొక్కితే వంటింట్లోంచి మా ఆవిడ "మోగింది, మోగింది" అంది. మూడోది నొక్కగానే ఒక్క రింగుకే ఎవరో ఎత్తారు. రాజమండ్రిలో తెల్లవారుజాము.

"ఏరా! అంతా క్షేమమేనా? అక్కకేమైనా అయిందా?" పిన్ని గొంతు వణుకుతోంది.

"ఏం లేదు పిన్నీ, మీట పనిచేస్తోందో లేదో చూస్తున్నా."

కాసేపు ఊపిరి పీల్చుకున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "చూశావుగా, పనిచేస్తోంది. అక్కకివ్వు" అంది. అమ్మ కట్టు కట్టిన చేత్తోనే ఫోను అందుకుని గచ్చు మీద చతికిలబడింది.